మూడు చుక్కల నువ్వుల నూనె

నేను ఒక పిస్టలును. పేరు వినగానే వెనక్కి జరగకండి. నా కడుపులో ఉండేది గాలి. నా నోట్లోంచి వచ్చేది కందిగింజంత సీసపు గుండు. నేను జీవితమంతా గురి చూసేది పది మీటర్ల అవతల కాగితం మీదున్న నల్లటి చుక్కను. ఇన్నేళ్లలో ఒక పిచ్చుకను కూడా బెదిరించి ఎరగను.

నా జాతికి ఉన్న ఒకే ఒక్క పాపం ధర. నన్ను కొనే డబ్బుతో రోడ్డు మీద చక్కగా తిరిగే పాత కారు వస్తుంది. "దీనికి ఇంత పెట్టాలా?" అని నన్ను చూసిన ప్రతివాళ్లూ ఎవరినో ఒకరిని అడిగారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అందుకే నా అంతట నేనే చెబుతున్నాను.

మంచుకొండల కింద ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. నా గొట్టాన్ని తొలిచిన ముసలాయన రోజుకు రెండు గొట్టాలకు మించి ముట్టుకునేవాడు కాదు. నా ట్రిగ్గర్‌ను అమర్చిన ఆవిడ దాన్ని వందసార్లు మీటి చూసింది, ఒక వెంట్రుకవాసి సడలించింది, మళ్లీ వందసార్లు మీటింది. చివరికి నన్ను ఇనుప పట్టులో బిగించి ఐదు గుండ్లు కాల్చారు. ఐదూ ఒకే రంధ్రంలోంచి వెళ్లాయి. ఆ కాగితాన్ని నాతోపాటే పెట్టెలో పెట్టి పంపారు. అది చూసుకుని నాకు కాస్త తలకెక్కిన మాట నిజం. ఇనుప పట్టుకు గుండె కొట్టుకోదని, దానికి రేపటి గురించి బెంగ ఉండదని నాకు అప్పట్లో తెలియదు.

నా మొదటి యజమాని హనుమకొండలో పళ్ల డాక్టరు నరహరిరావు. మంచి మనిషి. ఎదుటివాళ్ల పన్ను పీకేటప్పుడు ఇసుమంత కూడా వణకని ఆయన చెయ్యి, నల్లచుక్క ఎదురుగా కనబడగానే వేపకొమ్మలా ఊగేది. తప్పు బూట్లదన్నాడు, కొత్త బూట్లు తెప్పించాడు. కళ్లజోడుదన్నాడు, అదీ మార్చాడు. నా లోపలి భాగాలు ఎప్పుడు అరిగిపోతాయోనని ప్రతిదానికీ రెండేసి జతలు ముందే కొని దాచాడు. పాయింట్లు మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, చివరికి తప్పు నాదేనన్నాడు. నాకంటే ఖరీదైన నా చిన్న చెల్లెలు ఒకటి మార్కెట్లోకి వచ్చిందట. దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. నన్ను సగం ధరకు అమ్మకానికి పెట్టాడు.

ఆ సగం ధరకు నన్ను కొన్నవాడు వడ్రంగి కనకాచారి.

ఆయన కూతురు కాత్యాయని డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. కాలేజీ ఎన్‌సీసీలో తుపాకీ పట్టి, అక్కడి నుంచి షూటింగ్ క్లబ్బుకు వచ్చింది. క్లబ్బులో పదకొండు మంది పిల్లలకు కలిపి ఒక్కటే పాత పిస్టలు. దాని పిడి పదకొండు చేతుల్లో నలిగి ఏ చేతికీ కాకుండా పోయింది. కోచ్ జోసెఫ్ సార్ పట్టాళంలో పనిచేసి వచ్చిన మనిషి, పొగడ్త విషయంలో పిసినారి. అలాంటివాడు ఒకరోజు కనకాచారిని పిలిచి, "నీ బిడ్డకు చెయ్యుంది చారీ. సొంత పిస్టల్ ఉంటే రాష్ట్ర జట్టుకు పోతది. వచ్చే ఏడు వయసు దాటుతది. జూనియర్లల్ల ఇదే ఆఖరి మోక" అన్నాడు.

కనకాచారి ఊళ్లో సగం ఇళ్లకు దర్వాజలు చేశాడు. ఆయన ఇంటికి మాత్రం రేకు తలుపు. సొంత ఇంటి సింహద్వారం కోసం పన్నెండేళ్ల కిందట మంచి టేకు కొని, కోయించి, ఆరబెట్టి, అటక మీద పెట్టుకున్నాడు. అడిగినవాళ్లందరికీ "ఈ ఎండాకాలం దర్వాజ పనికి కూసుంట" అనేవాడు. పన్నెండు ఎండాకాలాలు గడిచాయి. ఆ టేకునే అమ్మి నన్ను కొన్నాడు. గడప కోసం ఉంచిన చెక్కలో మూరెడు ముక్క మాత్రం ఎందుకో ఇవ్వలేక దాచుకున్నాడు.

ఆయన భార్య సోమలక్ష్మి నన్ను పెట్టెలో చూసి, "ఊరందరికి దర్వాజలు వెడితివి. మనకేమో రేకు. ఉన్న కట్టె గూడ అమ్మితివి. గీ బొమ్మ తుపాకి ఇంటికి కావలి ఉంటదా?" అంది.

"దొంగలొచ్చి తీస్కపోనీకి మనింట్ల ఏమున్నదే?" అన్నాడు కనకాచారి.

ఆ మాటకు ఆమె నవ్వేసింది. నాకు మాత్రం ఆ రేకు తలుపు గాలికి కొట్టుకున్నప్పుడల్లా సిగ్గేసేది.

నా పిడి అక్రోటు కర్రది, డాక్టరుగారి పెద్ద చేతికి తగినది. కాత్యాయని చేతిలో అది అత్తగారి గాజులా తిరిగేది. కనకాచారి రెండు రోజులు నన్ను తిప్పితిప్పి చూశాడు కానీ ఉలి పెట్టడానికి ధైర్యం రాలేదు. మూడో రోజు తన పద్ధతిలోకి వచ్చేశాడు. కూతురి అరచేతికి దీపపు మసి రాసి, "పట్టు బిడ్డా, కాలుస్తున్నట్టె పట్టు" అన్నాడు. మసి అంటినచోట పిడి ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ ఆకురాయితో అరగదీసేవాడు. అంటనిచోట పొట్టూ జిగురూ కలిపిన ముద్ద పెట్టేవాడు. మళ్లీ మసి, మళ్లీ పట్టు. తలుపు చట్రంలో సరిగ్గా కూర్చోవడానికి వడ్రంగులు చేసే పనే అది. వారం గడిచేసరికి ఆ అమ్మాయి నన్ను పట్టుకుంటే నేనెక్కడ మొదలయ్యానో ఆమె చెయ్యి ఎక్కడ అయిపోయిందో నాకే తెలియలేదు. నన్ను అంత బాగా ఎవరూ ఎరగరు. చెప్పడానికి సిగ్గెందుకు, ఆ రోజు నుంచి ఆ పిల్లంటే నాకు ప్రాణం.

పాత పిస్టలుతో ఆమెకు ఆరువందలకు అయిదువందల నలభై తొమ్మిది వచ్చేవి. నాతో అయిదువందల అరవై అయిదు. పదహారు పాయింట్లూ నావేనని మురిసిపోయాను.

దసరా వచ్చింది. ఎంపిక పోటీలు ఆ తర్వాత నాలుగో రోజున.

వడ్రంగి ఇంట్లో దసరా అంటే పనిముట్లకు పండుగ. ఆ రోజు వాటితో పని చేయించరు, వాటికే సేవ చేస్తారు. కనకాచారి ఉలులు, బాడిస, రంపం, చిత్రిక అన్నిటినీ తుడిచి పీట మీద వరసగా పెట్టాడు. కూతురు బంతిపూల కోసం బజారుకు వెళ్లింది. ఆయన నన్నూ పెట్టెలోంచి తీసి చిత్రిక పక్కన పడుకోబెట్టాడు. "ఇంట్లకొచ్చినంక నువ్వు గూడ మా పనిముట్టువే" అన్నాడు. కార్ఖానా ముసలాయన చేతిలోంచి పుట్టినప్పుడు కూడా నాతో ఎవరూ అలా మాట్లాడలేదు. అన్నిటికీ పెట్టినట్టే నాకూ పసుపు, కుంకుమ పెట్టాడు. ఇనుముకు నూనె పెట్టకపోతే తుప్పు పడుతుందని ఆయన తాత చెప్పాడు, తండ్రి చెప్పాడు. నువ్వుల నూనె గిన్నెలో వేలు ముంచి ఉలికి రాశాడు, రంపానికి రాశాడు. నేను ఖరీదైనదాన్ని కదా, నాకు ప్రత్యేకంగా గొట్టంలో మూడు చుక్కలు, ట్రిగ్గర్ సందులో ఇంకొంచెం పోసి, రెండు చేతులూ జోడించాడు.

అరవగలిగితే అరిచేదాన్ని. కానీ ఆ మొహం చూస్తే, నోరున్నా అరవగలిగేదాన్ని కానేమో.

మర్నాడు సెలవు. ఆ మర్నాడు క్లబ్బులో కాత్యాయని నన్నెత్తి కాల్చింది. ఒక గుండు పైకి, ఒకటి పక్కకు. పదో గుండుకల్లా నా లోపలి రబ్బరు ఉబ్బి గాలి బుస్సుమని కారడం మొదలైంది. జోసెఫ్ సార్ నన్ను విప్పి వాసన చూశాడు. "ఎవరమ్మా దీంట్ల నూనె పోసింది? గాలి పిస్టల్‌కు నూనె విషం తెలుసా?"

కాత్యాయనికి క్షణంలో అర్థమైంది. పండుగ రోజు బజారు నుంచి తిరిగొచ్చాక నా మీద పసుపు తుడిచింది తనే. తలొంచుకుని, "నేనే పోసిన సార్. తుప్పు వడతదేమోనని" అంది.

ఆయన చాలా తిట్టాడు. డిగ్రీ చదువుతూ ఇంత తెలివి లేదా అన్నాడు. అయినా ఆమె మాట మార్చలేదు. ఆ రబ్బరు డాక్టరుగారి దగ్గరే దొరకాలి. ఆయనేమో పండుగ సెలవులకు కాశీ వెళ్లాడు, ఫోను ఎత్తడం లేదు. పోటీకి రెండు రోజులు. కాత్యాయని ఒక చేతిలో నా పెట్టె, ఇంకో చేతిలో క్లబ్బు పాత పిస్టలు పట్టుకుని ఇల్లు చేరింది.

"కొత్తదేమైంది బిడ్డా?" అన్నాడు కనకాచారి.

"ఏం గాలే బాపు. పోటీల దీంతోనే కొట్టుమన్నడు సారు. దీని పిడి సరిపోతలేదు."

ఆయన పాత పిస్టలును అందుకుని అటూ ఇటూ చూశాడు. కూతురు కాళ్లు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు నా పెట్టె మూత తీసి, నా మీదికి వంగి, కాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత మూత వేసి, నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. దిగినప్పుడు చేతిలో గడప చెక్క ముక్క ఉంది.

ఆ సాయంత్రమూ, మర్నాడంతా ఒప్పుకున్న పనికి పోకుండా ఆ ముక్కను పాతదానికి పిడిగా చెక్కుతూ కూర్చున్నాడు. మసి, పట్టు, ఆకురాయి. మసి, పట్టు, ఆకురాయి. మధ్యలో సోమలక్ష్మి అన్నానికి పిలిచినా లేవలేదు. నా జన్మలో ఒక పాత పిస్టలును చూసి అసూయపడింది ఆ రోజే.

పోటీకి హైదరాబాదు వెళ్తూ కాత్యాయని నన్నూ తీసుకెళ్లింది, తోడుగా. కాల్చేచోట ఆమె వెనక బల్ల మీద మూసిన పెట్టెలో పడుకుని చెవులతోనే పోటీ చూశాను. అరవై గుండ్లు. మొదటి పదింటి మధ్య ఎడం ఒకలా లేదు. నాకు భయమేసింది. ఇరవై దాటాక ఆమె ఊపిరి నాకు తెలిసిన దారిలోకి వచ్చింది. చివరి గుండూ పోయింది. ఆపైన జోసెఫ్ సార్ గొంతు, "అయిదువందల అరవై. నాలుగో పేరు నీదే. పోయి మొహం కడుక్కో" అంది. జట్టుకు తీసుకునేది నలుగురినే.

కాశీ నుంచి వచ్చిన డాక్టరుగారు తన కొండంత సామానులో వెతికి రబ్బరు ఇచ్చాడు. విషయమంతా విని, "పాతదానితో అయిదువందల అరవై కొట్టిందా? అయితే నేనిన్నాళ్లు కొన్నవన్నీ ఎందుకు కొన్నట్టు?" అని చాలాసేపు ఆలోచించాడు. పాపం, ఆ నెలలోనే ఇంకో జత బూట్లు కొన్నాడు.

లెక్క నాకూ తెలిసొచ్చింది. నేను నావనుకున్న పదహారు పాయింట్లలో పదకొండు కనకాచారి ఆకురాయివి. నావి ఐదు. ఐదేనా అని ఎవరైనా అంటే కోపం రాదు. ఆ పిల్ల జాతీయ పోటీలకు నన్నే తీసుకెళ్లింది. అక్కడ ఐదు పాయింట్ల తేడాలో పాతికమంది ఉంటారు. అలాంటిచోట ఆ ఐదు కావాలి. నల్లచుక్కలో నిలకడ ఇంకా దొరకనివాళ్లకు మాత్రం నా మాట ఒకటే. ముందు మీ చేతికి సరిపోయే పిడి చేయించుకోండి, నన్ను తర్వాత కొందురు గాని.

పతకం రాలేదు. ఇరవై మూడో స్థానం వచ్చింది. ఇంటికి ఇప్పటికీ రేకు తలుపే.

మళ్లీ దసరా వచ్చింది. ఈసారి కాత్యాయని పూలు ముందే తెచ్చి పీట దగ్గరే కూర్చుంది. పోయినేడాది మాట బాపుకు చెప్పకుండా నన్నెలా తప్పించాలా అని ఆమె గుండె కొట్టుకోవడం నాకు వినబడుతూనే ఉంది. కనకాచారి నూనెలో వేలు ముంచి ఉలికి రాశాడు. బాడిసకు రాశాడు. రంపానికి రాశాడు. నా దగ్గరికి వచ్చి ఆగాడు. భుజం మీది తువ్వాలుతో వేళ్లన్నీ ఒక్కొక్కటిగా తుడుచుకుని, కుంకుమ తీసి నా పెట్టె మూత మీద బొట్టు పెట్టి, దండం పెట్టాడు.

కాత్యాయని చేతిలోని బంతిపూలు పీట మీద పెట్టింది.

"నీకెప్పుడు తెల్సింది బాపు?"

"గా దినమే. నువ్వుల నూనె వాసన నాకు తెల్వదా బిడ్డా."

"మరి నన్ను అడగకపోతివి?"

"నువ్వు చెప్పకపోతివి గద" అని, ఆయన మళ్లీ గిన్నెలో వేలు ముంచి, నా పక్కనున్న చిత్రికకు నూనె రాశాడు.