గార్త్ పోయలేని నేల

ఆస్ట్రేలియాలోని మా టూవూంబాలో గరాజు నేలకు ఎపాక్సీ పూత వేయించాలంటే జనం గార్త్‌నే పిలిచేవారు. నేను పదకొండేళ్లు అతనితో పనిచేశాను. పాత కాంక్రీటును మెషీన్‌తో అరగదీయడం, పగుళ్లు పూడ్చడం నా వంతు. పూతకు వాడే జిగురు ద్రవం, రెసిన్, కలిపి పోయడం మాత్రం గార్త్ ఎవరికీ వదిలేవాడు కాదు. నేను పోస్తానంటే, "నెరిడా, నువ్వు పోస్తే నేల మీద పులుసు ఒలికినట్టుంటుంది" అని ఏడిపించేవాడు.

కిందటి వసంతంలో అతని కనురెప్పలు వాచాయి. వాటిల్ చెట్ల పూల పుప్పొడి పడలేదనుకున్నాం. తర్వాత మణికట్ల మీద పొక్కులు లేచాయి. డాక్టరు వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి చూస్తే, రెసిన్ ఉన్న పట్టీ కింద చర్మం బొబ్బలెక్కింది. ఒంటికి ఒకసారి పడకుండా పోతే ఇంకెప్పటికీ పడదని, మళ్లీ తగిలితే ఊపిరికే ముప్పు రావచ్చని ఆ డాక్టరమ్మ చెప్పింది. గార్త్ రెండు జతల గ్లవ్స్, మొహమంతా కప్పే మాస్కు వేసుకుని ఇంకో నేల ప్రయత్నించాడు. గంటలో కళ్లు మూసుకుపోయాయి.

ఒప్పుకున్న పని ఒక్కటి మిగిలింది, మిసెస్ ఇంగిల్‌బీ గరాజు. ఆవిడ రిటైరైన టీచరు, ఆర్నెల్లుగా ఎదురుచూస్తోంది. నేను పోసేటట్టు, గార్త్ రోడ్డుకు అవతల బండిలో కూర్చుని చూసేటట్టు అనుకున్నాం.

ఆ ఉదయం రెసిన్ డబ్బా, దాన్ని గట్టిపరిచే ద్రవం డబ్బా కలిపాను. కలిపిన రెసిన్ అరగంటలో గట్టిపడుతుంది. సగం నేల మీద పోసి, మిగతాది బకెట్లోనే ఉంచి, గుమ్మం దగ్గర ఎండలో పెట్టాను. అదే తప్పు. నేల మీద పల్చగా పరిస్తే నిదానంగా ఆరుతుంది, బకెట్లో ముద్దగా ఉంటే తనకు తానే కాగిపోతుంది. గార్త్ నాకు నూరుసార్లు చెప్పిన మాటే. తడి పూత మీద నడవడానికి వేసుకునే మేకుల బూట్లతో లోపలి మూలకు నడిచి, వీపు ఇటు తిప్పి రోలర్ లాగుతున్నాను. మాస్కులో నా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

తిరిగి చూసేసరికి బకెట్ పొగలు కక్కుతోంది. బండి దిగి పరుగెత్తుకొచ్చిన గార్త్ దాన్ని రెండు చేతులా పట్టుకుని పచ్చికలోకి ఈడుస్తున్నాడు. మొహానికి మాస్కు లేదు. మిసెస్ ఇంగిల్‌బీ ఇంట్లోంచి చూసి అప్పటికే అంబులెన్స్‌కు ఫోన్ చేస్తోంది.

నేను బూట్లు విప్పి పరుగెత్తాను. అతను మోకాళ్ల మీద కూర్చుని, చిన్నగా ఈల వేసినట్టు ఊపిరి తీస్తున్నాడు. రెప్పలు ఉబ్బి కళ్లు కనపడటం లేదు.

"ఇక్కడెందుకు నిలబడ్డావ్? పోయి నేల చూసుకో" అన్నాడు.

"నేల పోతే పోనీ."

"అది ఆరిపోతోంది, నెరిడా. నన్ను చూసి నువ్వేం చేస్తావ్?"

నిజంగా నేనేమీ చేయలేకపోయాను. అతని వీపు మీద చేయి వేయబోయి, గ్లవ్స్‌కు రెసిన్ అంటి ఉందని చూసి వెనక్కి తీసుకున్నాను. అంబులెన్స్ వచ్చేదాకా అలాగే నిలబడ్డాను. నా వెనక నేల రోలర్ గీతలతో గట్టిపడిపోయింది.

గార్త్ మూడు రోజులకు ఆసుపత్రి నుంచి వచ్చాడు. నేను ఆ నేలంతా గీకేసి, రెండు వారాలకు మళ్లీ ఒంటరిగా పోశాను. బాగా ఆరి, వాసన పోయాక చూడటానికి వచ్చాడు. ఆరిన పూతతో అతనికి ప్రమాదం లేదు. గొంతుక్కూర్చుని చాలాసేపు అటూ ఇటూ చూశాడు.

"ఈ ఎడమ గోడ వెంట పల్చబడింది" అన్నాడు చివరికి.

తెలుసన్నాను. తలూపాడు. మూడింటికి స్కూలు బస్సు తీయాలని లేచాడు. ఇప్పుడతని ఉద్యోగం అదే. తలుపు దగ్గర ఆగి, రోలర్ ఎలా పట్టుకోవాలో గాలిలోనే ఒకసారి చూపించి, వెళ్లిపోయాడు.