లెక్కలోకి రాని ముద్దలు

జాకెట్టు పక్క కుట్టు విప్పి ఇంకో అరంగుళం వదులు చేసుకుంటున్నాను. బొరుగుల ఉగ్గాని తింటున్న మా ఆయన ఓబుళరెడ్డి చూసి, "డబ్బా తాగి లావెక్కిన ఆడమనిషిని నిన్నే చూస్తాండామ్మే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆయన ఏదైనా నవ్వుతూనే అంటాడు, అందుకే నాకు కోపం తెచ్చుకునే సందు దొరకదు. పైగా ఆ మాట నిజం. నెల రోజులుగా పొద్దుటి టిఫిను మానేసి, బరువు తగ్గడానికని ఆ డబ్బాలో పొడిని వెన్న తీసిన పాలలో కలుపుకుని తాగుతున్నాను. తగ్గాల్సిందాన్ని పెరిగాను.

ఆ డబ్బా సరదాకు తెచ్చుకున్నది కాదు. ప్రొద్దుటూరులో షుగర్ డాక్టరు నా రిపోర్టు చూసి, "గీత దాటలేదమ్మా, గీత మీద ఉన్నావు. ఎనిమిది కిలోలు తగ్గితే మాత్రలు లేకుండా చూద్దాం" అన్నాడు. ఇంటికొచ్చేదాకా కళ్ళముందు మా అమ్మ పాదమే ఉంది. జమ్మలమడుగులో ఉండే మా అమ్మకు షుగరుతో కుడికాలి బొటనవేలు తీసేశారు. ఇప్పటికీ చెప్పులు వేసుకునేటప్పుడు తల పక్కకు తిప్పుకుంటుంది. నాకు భయం వేసింది. నేను చీరల కొట్లో రోజుకు పది గంటలు కాళ్ళ మీద నిలబడి బతికేదాన్ని. చీరను భుజాన వేసుకుని చూపించే పని నుంచి ఇదివరకే నన్ను తప్పించి, లంగాల కౌంటరుకు పంపాడు ఓనరు. "నీ మీద ఏస్తే చీర అందం తెలీదు కళావతమ్మా, ఏమనుకోమాక" అన్నాడు. అనుకోకుండా ఎట్లా ఉంటాను? అనుకుని ఊరుకున్నాను. అందం పోతే పోనీ, కాళ్ళు మాత్రం నాకు కావాలి.

కుట్టు వేసుకుని, ఆ జాకెట్టే తొడుక్కుని ఆస్పత్రికి పోయాను. తిండి సంగతులు చెప్పే సమీరా అక్కడ ఉంటుంది. ఇరవై ఐదేళ్ళ పిల్ల. నన్ను కాటా ఎక్కించి, కిలోన్నర ఎక్కువ చూసి, తిట్టలేదు. కాగితం తీసుకుంది.

"పొద్దున ఏం తింటాండావక్కా?"

"నువ్వు చెప్పిందే. డబ్బా పొడి."

"ఇంకేం లేదా?"

"ఒట్టు. ఇంకేం తినను."

"టిఫిన్ గిన్నెలు ఎవరు కడుగుతారు?"

"నేనే. ఇంకెవరుండారు?"

"కడిగేముందు వాటిల్లో ఏముంటాది?"

నవ్వొచ్చింది నాకు. చెప్పుకుంటూ పోయాను. మా వాడు అవినాష్ వదిలేసిన సగం ఉగ్గాని, చల్లబడిన రెండు బజ్జీలు, రాత్రి మిగిలితే మజ్జిగలో పిసుక్కున్న సంగటి ముద్ద, మా ఆయన పళ్ళెంలో అంచుకు మిగిలిన చెనిక్కాయ పచ్చడి. సమీరా పెన్ను ఆగలేదు. "ఇది రెండు టిఫిన్లుంది కదక్కా" అంది.

"అది తిన్నట్టు కాదు సమీరా. పారేయలేక నోట్లో వేసుకున్నా, అంతే."

ఆ పిల్ల పెన్ను పక్కన పెట్టింది. "మా అమ్మీ కూడా అచ్చం ఇదే మాట అంటాది" అంది. తర్వాత పొడి ఒక పూటకే బదులని, మిగతా రెండు పూటలూ అన్నమో సంగటో కొలిచి, ఆకుకూరా గుడ్డూ పెట్టుకుని, కూర్చుని తినమని మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. కూర్చుని అనే మాట రెండుసార్లు అంది.

ఆటోలో కూర్చుంటే ఒకటే ఆలోచన. నాకోసం పెట్టుకున్న తిండి నేను చివరిసారి ఎప్పుడు తిన్నాను? కాపురానికి వచ్చిన మూడో రోజు మా అత్త వనజమ్మ ఆయన తిన్న పళ్ళెం నా ముందుకు జరిపి, "ఎంగిలనుకోమాక, దేవుడి ప్రసాదమనుకో" అంది. అనుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. ఎవరికి కారం ఎంత, ఎవరికి ఉప్పెంత అన్నీ తెలిసినదాన్ని, నా ఆకలి ఎంతో నాకు తెలియదు. ఎంత మిగిలితే అంత. ఆ పొడి సుద్దనీళ్ళలా ఉన్నా నాకెందుకు ఇష్టమయిందో అప్పుడు అర్థమయింది. అది ఎవరూ వదిలేసింది కాదు. ఆ ఇంట్లో నాకని కొలిచి కలుపుకున్న మొదటి తిండి అదే. ఒక చెంచా పొడి నన్ను మనిషిగా లెక్కపెట్టింది, ఇంట్లోవాళ్ళకు ఆ తెలివి రాలేదు. ఏడుపొచ్చింది. ఆటో అద్దంలో డ్రైవరు చూస్తాడని కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున నా పాలు నేను తాగి, రాత్రి మిగిలిన సంగటి ముద్ద తీసి చెత్తబకెట్టులో వేశాను. మా అత్త గుమ్మంలో నిలబడి చూసింది.

"తిండి పారేస్తాండావా? లక్ష్మి నిలుస్తాదా ఇంట్లో?"

"నా కడుపు చెత్తబుట్ట కాదత్తా."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. దగ్గరికొచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. "నేను మాత్రం ఇష్టముండి తిన్యానా ఏంది? ముప్పై ఏండ్లు తిన్యా. నువ్వొచ్చినావు, నాకు తప్పింది. ఇంగో నాలుగేండ్లు ఓర్చుకో. అవినాష్ పెండ్లాం వస్తే నీకూ తప్పుతాది."

ప్రేమగానే అంది. నన్ను ఓదార్చడానికే అంది. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది, నాకు మాత్రం ఒళ్ళు చల్లబడింది. నాకు తెలియకుండానే నేనూ ఆ రాబోయే కోడలి కోసమే ఎదురుచూస్తున్నానా?

నడింట్లో అవినాష్ ఫోను చూసుకుంటూ సగం దోసె వదిలేసి లేస్తున్నాడు.

"కూర్చో నాయనా" అన్నాను.

"చాలుమా. నువ్వు తినేయ్."

వాడి తప్పు లేదు. ఇరవై ఏళ్ళు నేనే నేర్పాను. మా ఆయన తినడం ఆపి తలెత్తాడు. మా అత్త వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. పళ్ళెం వాడి ముందుకే జరిపాను.

"రేపు నీ ఇంటికొచ్చే పిల్ల ఈపొద్దు యాడో వాళ్ళింట్లో వేడివేడిగా తింటా ఉంటాది నాయనా. ఆ పిల్ల వచ్చేలోపల నీ పళ్ళెం నువ్వు ఖాళీ చేసేది నేర్చుకో."