ఊళ్లు తిరిగే కోటు

ఇస్త్రీ కాలరు దగ్గర మొదలుపెట్టి జేబు దాకా వచ్చేసరికి కరెంటు పోయింది. జగన్నాధం జేబు మీద ఎర్రదారంతో కుట్టిన కాలేజీ పేరుని అరచేత్తోనే సాపు చేసుకుని, తెల్లకోటుని నలగకుండా మోచేతి మీద వేసుకుని నెల్లిమర్ల రోడ్డు మీదికి వచ్చాడు. కాలేజీ వ్యానులో, కమిషను మీద పిల్లల్ని చేర్పించే నాగబాబు అప్పటికే హారన్ మోగిస్తున్నాడు.

యాభైకి దగ్గరపడ్డ మనిషి జగన్నాధం. బక్కపలచన. చెమటకి కళ్లద్దాలు ముక్కు మీద నిలవవు. పాఠం చెప్పేటప్పుడైనా జీతం అడిగేటప్పుడైనా వాటిని మణికట్టుతో పైకి తోసుకుంటూనే ఉంటాడు. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి విజయనగరంలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరరుగా ఉన్నాడు. అయితే ఎండాకాలంలో అతన్ని లెక్చరరు అనడానికి లేదు. ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచీ కాలేజీ తెరిచేదాకా ఊరూరూ తిరిగి పిల్లల్ని పట్టుకురావాలి. పట్టుకురావడం అన్న మాట కరెస్పాండెంటు నరసింగరావుది. ఎవరి గ్రూపుకి వాళ్లే పట్టుకురావాలి. పిల్లలు రాకపోతే ఆ గ్రూపూ ఉండదు, ఆ లెక్చరరూ ఉండడు. సంతకి మేకల్ని తోలేవాడికి ఇంతకన్నా మర్యాద ఉంటుంది.

కోటు కూడా నరసింగరావు బుర్రలో పుట్టిందే. సైన్సు లెక్చరర్లు పల్లెల్లో కోటు వేసుకునే దిగాలని హుకుం. జనం డాక్టరు చదువనుకుంటే అనుకోనీ, మనం నోటితో అబద్ధం చెప్పామా అంటాడు. కాలేజీలో మాత్రం ఆ కోటుతో పనే లేదు. ల్యాబు కుళాయికి నీళ్లు రావు. మైక్రోస్కోపు అద్దం పగిలి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. పిల్లలు సీనియర్ల రికార్డులు చూసి బొమ్మలు దింపుకుంటారు, ప్రాక్టికల్స్ నాడు బయటినుంచి వచ్చిన ఎగ్జామినరుకి భోజనం ఘనంగా పెడతారు, అందరూ పాసైపోతారు. దీన్ని సైన్సు డిగ్రీ అంటారు!

జగన్నాధం చదువు ఇలా సాగలేదు. కోటబొమ్మాళి దగ్గర వరిచేలు చేసుకునే ఇంట్లో పుట్టాడు. శ్రీకాకుళంలో బీఎస్సీ చదివేటప్పుడు చెరువునీటి చుక్కని మొదటిసారి మైక్రోస్కోపు కింద చూసిన రోజు సంతోషం పట్టలేక అన్నం తినలేకపోయాడు. అప్పటి కోటు నిండా యాసిడ్ చిల్లులు, రంగుల మరకలు. తల్లి ఎంత బాదినా అవి వదిలేవి కావు. ఆమె తిట్టిపోసేది, అతను లోలోపల మురిసిపోయేవాడు. రీసెర్చి చేద్దామనుకున్నాడు, కుదరలేదు. గవర్నమెంటు లెక్చరరు పోస్టులకి రాద్దామనుకున్నాడు. అవి ఏళ్ల తరబడి పడలేదు, పడ్డాక కోర్టుకెక్కాయి, కోర్టు దిగేసరికి అతని వయసు దాటిపోయింది. దీనికి ఎవరి మీద కేసు పెట్టాలో అతనికి ఇప్పటికీ తెలియదు.

పూసపాటిరేగ దాటాక వ్యాను సముద్రం వైపు తిరిగింది. చేపలవేట మీద నిషేధం ఇంకా ఎత్తలేదు. పడవలన్నీ ఇసక మీదే ఉన్నాయి, మగవాళ్లు నీడపట్టున వలలు బాగుచేసుకుంటున్నారు. మృగశిర వచ్చినా ఎండ ఏమాత్రం తగ్గలేదు. జగన్నాధం దిగి కోటు తొడుక్కున్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో ఓ ముసలామె ఎదురొచ్చి మోకాలు చూపించింది.

"బాబూ, ఇదిగో సూడు. కూకుంటే లెగనేకపోతన్నాను."

"నేను డాక్టర్ని కాదమ్మా."

"మరి కోటెందుకేసినావు?"

నాగబాబు పకపకా నవ్వాడు. జగన్నాధానికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏటా ఏదో ఒక ఊళ్లో ఇదే మాట వినడం, ఏటా నోరు మూసుకుని ముందుకు నడవడం.

వాళ్లు వచ్చింది అసిరమ్మ ఇంటికి. ఆమె చేపలమ్ముతుంది. కూతురు తులసి ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. వాకిట్లో వెదురుకర్ర మీద ఎండుచేపలు వేలాడుతున్నాయి. నాగబాబు కుర్చీలో సరిగ్గా కూర్చోకుండానే ఒరిజినల్స్ అడిగాడు. అసలు కిటుకు అదే. టెన్త్ మెమో, టీసీ చేతిలో పడితే పిల్ల ఇంక ఎక్కడికీ పోలేదు, చేరి తీరాలి. అసిరమ్మ లోపల్నుంచి ప్లాస్టిక్ కవరు తెచ్చి, కోటు వేసుకున్నాయన చేతిలో భక్తిగా పెట్టింది. నాగబాబు దాన్ని అందుకుని తన సంచిలోకి తోసేశాడు.

తులసి కాలేజీ పాంప్లెట్ చూస్తోంది. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఆక్వాకల్చర్, అన్నిటి పక్కనా ఉద్యోగం గ్యారంటీ. కింద నీలం టోపీతో గిరిబాబు అనే కుర్రాడి ఫొటో.

"ఈయన సైంటిస్టా సార్?"

జగన్నాధం కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. గిరిబాబు అతని శిష్యుడే, క్లాసులో ఫస్టు. మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద డ్రమ్ములు మోస్తున్నాడు. ఆ టోపీ అక్కడ గేటు దాటిన ప్రతివాడికీ ఇస్తారు. మొన్న బస్టాండులో కనిపించి, "నా బొమ్మ తీయించీండి సార్, మావోలు నవ్వుతన్నారు" అని చేతులు పట్టుకున్నాడు.

"నాకు ఎంసెట్‌లో ర్యాంకొచ్చింది సార్," అంది తులసి. "ఫిషరీస్ కాలేజీ ఉందంట కదా. కౌన్సెలింగ్‌కి ఎల్దామనుకుంటన్నాను."

"అదెక్కడో నెల్లూరు కాడమ్మా," నాగబాబు అడ్డొచ్చాడు. "ఆక్వాకల్చరంటే ఏటనుకున్నావు? ఇదీ సేపల సదువే."

అసిరమ్మకి ఆ పేర్లేవీ పట్టలేదు. ఆమె కళ్లు కోటు మీదే ఉన్నాయి. మెల్లగా చెయ్యి చాపి దాని అంచు ముట్టుకుని, మాసిపోతుందేమోనని చటుక్కున వెనక్కి తీసుకుంది.

"బాబూ, మా పిల్ల మీకాడ సదివితే ఇలాటి కోటేసుకుంటాదా?"

"ఎందుకేసుకోదు!" అన్నాడు నాగబాబు.

జగన్నాధం ఆమె చేతినే చూస్తున్నాడు. ఎండలో, ఉప్పులో కాయలు కాచిన ఆ చెయ్యి ఈ బూటకపు గుడ్డకి జంకింది. అంతకన్నా అన్యాయం ఉంటుందా!

"ఏసుకుంటాదమ్మా," అన్నాడు. "నాలాగ ఎండలో ఊళ్లు తిరిగి, మీలాటోల సెవిలో పువ్వులెట్టడానికి ఏసుకుంటాది. మా ల్యాబులో కుళాయికి నీళ్లు కూడా రావు. ఈ ఫొటోలో కుర్రోడు సైంటిస్టు కాడు, డ్రమ్ములు మోస్తన్నాడు."

నాగబాబు నోరు తెరిచేలోగా సంచిలోంచి కవరు తీసి తులసి చేతిలో పెట్టాడు.

"నీ ర్యాంకుకి సీటొస్తాదో రాదో నేను సెప్పలేను. కౌన్సెలింగ్‌కి ఎల్లు. ఈ కాయితాలు లేకపోతే ఎవుడూ నిన్ను సూడడు. ఫిషరీస్ సదివితే మత్స్యశాఖ ఉద్యోగాలకి రాసుకోవచ్చు. రాకపోతే గవర్నమెంటు కాలేజీలో బీఎస్సీ చేరు, తర్వాత ఎమ్మెస్సీయో బీఈడీయో సెయ్యి. ఎక్కడ చేరినా ముందు ల్యాబులోకెళ్లి కుళాయి తిప్పి సూడు."

నాగబాబు వాకిట్లోకి పోయి ఫోన్ చేశాడు. నరసింగరావు గొంతు ఇంట్లోకి కూడా వినిపించింది. "రేపట్నుంచి ఆయన రానక్కర్లేదని సెప్పీ."

"ఇనపడింది కదా మాస్టారూ," అన్నాడు నాగబాబు. మొహం కందిపోయి ఉంది. "నా కడుపు మీద కూడా కొట్టీసినావు." వ్యాను ఇసక రేపుకుంటూ వెళ్లిపోయింది.

"బాబూ, ఉజ్జోగం పోయిందేటి?" అసిరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మావల్లేనా?"

"మీవల్ల కాదమ్మా."

ఇంటికెళ్లి భార్య అనూరాధకి ఏం చెప్పాలో అతనికి తెలియదు. ఈ వయసులో ఎవరు రానిస్తారో అంతకన్నా తెలియదు. భయం వేసింది; ఆ భయం కన్నా ఇన్నాళ్లూ నోరు మూసుకున్నందుకు వచ్చిన కోపమే ఎక్కువగా ఉంది. కోటు విప్పి, ఎక్కడ పెట్టాలో తోచక, చేపల పక్కన వెదురుకర్ర మీద పడేశాడు. తులసి ఇచ్చిన మంచినీళ్లు గటగటా తాగి, కళ్లద్దాలు పైకి తోసుకుని, బస్సు రోడ్డు వైపు బయల్దేరాడు.

"సార్, కోటు!" తులసి కేకేసింది.

అతను చెయ్యి ఊపాడు. వెనక్కి తిరగలేదు.

సముద్రపుగాలికి కోటు చేతులు ఊగుతున్నాయి. ఇన్నేళ్ల సైన్సు మాస్టారి కోటు. దాని మీద యాసిడ్ చిల్లు లేదు, రంగు మరక లేదు, అంచు దగ్గర అసిరమ్మ వేలి నుంచి అంటుకున్న చేపపొలుసు ఒక్కటే మెరుస్తోంది.