పైగది ఆయన ఎంచిన నాలుగు సినిమాలు

కొత్తగా స్పాంజి వేసిన సోఫాని నేను వెంటనే పంపను. దాని మీద మూడు గంటలైనా మనుషులు కూర్చోవాలి. బరువు పడితేనే స్పాంజి అణుగుతుంది, బట్ట ఎక్కడ వదులైందో, కుట్టు ఎక్కడ లాగుతోందో బయటపడుతుంది. అప్పుడు మళ్లీ విప్పి, బిగించి పంపుతాను. ఈ పనికి నాకు దొరికిన బరువులు మూడు. ఒకటి మా బావ, అంటే మా అక్క మొగుడు, ముప్పై ఏళ్లు బస్సు నడిపి నడుము పోగొట్టుకున్నవాడు. రెండు కరెంటోడు, నాతో పాటే ఏడో తరగతిలో బడి మానేసి వైర్లు లాగే పనిలో పడ్డవాడు. మూడు మాస్టారు, ఆ బడిలో మా ఇద్దరికీ లెక్కలు చెప్పి, మేం మానేశాక హాయిగా ఊపిరి పీల్చుకున్నవాడు.

ఆదివారం మధ్యాహ్నం నా షాపు షట్టరు సగానికి దించి, గోడకున్న టీవీలో సినిమా పెడతాను. వాళ్లు సోఫాల మీద, నేను స్టూలు మీద. సినిమా ఎంచడం నెలకొకరి వంతు. రూలు ఒక్కటే. ఎంచినవాడు నోరు విప్పకూడదు. మిగతా ముగ్గురూ చెప్పాల్సింది చెప్పాకే వాడి మాట. ఈ రూలు పెట్టింది నేనే. మా బావ తను తెచ్చిన సినిమాకి పక్కన కూర్చుని, వచ్చే సీను ముందే చెప్పేస్తుంటే భరించలేక పెట్టాను. అది తిరిగి తిరిగి నా మెడకే చుట్టుకుంది.

ఈ నెల వంతు నాది. సినిమాలు ఎంచింది మాత్రం నేను కాదు, నాతో ఉండే ఆయన.

ఆయన సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని అతనిది. పదకొండేళ్లుగా నా ఇంట్లో ఉంటున్నాడు. పైగదిలో అద్దెకుంటున్నాడని అందరికీ చెప్పాను. నిజానికి పైగదిలో రెక్సిన్ చుట్టలూ స్పాంజి షీట్లూ తప్ప పిల్లి పడుకోవడానికి కూడా చోటు లేదు. మేమిద్దరం కింద ఒకే గదిలో, ఒకే మంచం మీద, మొగుడూ పెళ్లాలు ఎలా కీచులాడుకుంటారో అలా కీచులాడుకుంటూ బతుకుతున్నాం. మావాళ్లు అతన్ని పైగది ఆయన అంటారు. ఎదురుపడితే "బాగున్నారా" అంటారు. అంతవరకే.

నెల మొదట్లో ఒకరోజు అతను కంచం ముందు కూర్చుని, గొంతు పెంచకుండా చెప్పాడు.

"మా చెల్లెలి ఇంట్లో ఒక గది ఖాళీ అవుతోంది. ఒకటో తారీఖున వెళ్లిపోతాను."

"ఎందుకు?"

"పదకొండేళ్లుగా పైగది ఎక్కుతున్నాను. మోకాళ్లు నొప్పులు పుడుతున్నాయి."

"ఎకసెక్కాలొద్దు. నీకిక్కడ ఏం తక్కువైంది? ఇల్లుంది, తిండి ఉంది. నిన్నెవడైనా ఒక మాటన్నాడా?"

"అనలేదు. అనడానికైనా నేనంటూ ఒకణ్ణి ఉన్నానని తెలియాలి కదా. ఆ ముగ్గురికీ చెప్పు. చెబితే ఉంటాను."

నేరుగా చెప్పడం నావల్ల కాదన్నాను. అతను మర్నాడు ఒక పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టాడు. నాలుగు సినిమాలు. అన్నీ మగవాడు మగవాణ్ణి ప్రేమించిన కథలే. "వరసగా చూపించు. మెల్లగా అలవాటు పడతారు. నాలుగోది అయ్యేసరికి నీకే నోరొస్తుంది" అన్నాడు.

మెల్లగా అలవాటు పడడానికి వాళ్లేమైనా మామూలు మనుషులా!

మొదటిది ఇద్దరు లారీ డ్రైవర్ల కథ. భాష మనది కాదు, కింద మన అక్షరాలు పడతాయి. కరెంటోడికి అంత దూరం చూపు ఆనదు, బావకి అంత తొందరగా చదవడం రాదు. అందుకని మాస్టారు పైకి చదువుతాడు. సరిగ్గా గంట చదివి నిద్రపోయాడు మహానుభావుడు. అసలు కథంతా ఆ తర్వాతే ఉంది. మంచు కొండ మీద లారీ చెడిపోతుంది. ఇద్దరూ ఒకే దుప్పట్లో దూరతారు. ఒకడు రెండోవాడి చెంప నిమిరి ఏదో అంటాడు. ఏమన్నాడో చదివేవాడు లేడు.

సినిమా అయిపోయింది.

"ఆ దిగుడులో బండిని న్యూట్రల్‌లో వదిలాడు చూశావా? వాడికి లైసెన్సు ఎవడిచ్చాడు?" అన్నాడు బావ.

"అది సరే అన్నా, వాళ్లిద్దరూ ఒకే దుప్పట్లో దూరారేంటి?" అన్నాడు కరెంటోడు.

నేను రిమోటు పక్కన పెట్టి స్టూలు ముందుకి లాక్కున్నాను.

"క్యాబిన్లో చలి సంగతి నీకేం తెలుసురా? కొండ రూటులో నేనూ మా కండక్టరూ అలాగే పడుకునేవాళ్లం. చచ్చేంత గురక వాడికి."

ఆ మాటకి మాస్టారు లేచి కళ్లు నులుముకుని, "సరుకు చేరిందా?" అన్నాడు.

ముగ్గురూ మాట్లాడేశారు. ఇక నా వంతు. "చేరింది" అన్నాను.

రెండో ఆదివారం మాస్టారికి రెండుసార్లు టీ పోసి నిద్ర రాకుండా కాపలా కాశాను. ఇద్దరు ముసలివాళ్ల కథ అది. ఒకాయన ఆసుపత్రిలో ఆఖరి స్థితిలో ఉంటాడు. రెండో ఆయన్ని బంధువు కాదని లోపలికి రానివ్వరు. ఆయన బయట బల్ల మీద టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. మాస్టారు కింది అక్షరాలు చదివాడు. "లోపలున్నది నా ప్రాణం." రేపు ఏదైనా అయితే ఆ బల్ల మీద కూర్చునేది ఎవరు, నేనా, అతనా?

"స్నేహమంటే అదిరా," అన్నాడు మాస్టారు కళ్లు తుడుచుకుంటూ. "ఈ రోజుల్లో ఎక్కడుందిరా అలాంటి స్నేహం?"

"ఆ ఆసుపత్రి వరండాలో వైర్లు ఎలా వేలాడుతున్నాయో చూశారా? నేనైతే ముందు దానికి గొడవపడేవాణ్ణి," అన్నాడు కరెంటోడు.

"అన్నదమ్ములయి ఉంటారు," అన్నాడు బావ.

"అన్నదమ్ములైతే లోపలికి రానిస్తారు కదా బావా!" అని నేను స్టూలు మీంచి లేచిపోయాను.

"రూలు! రూలు!" అని ముగ్గురూ అరిచారు. బావ మాట ఇంకా పూర్తి కాలేదట. పూర్తయ్యేసరికి నాకు మాట్లాడే ఓపిక పోయింది.

ఇంటికెళ్లి చెబితే అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి ఆపేసి, "మూడోదాంట్లో అన్నదమ్ములనడానికి వీల్లేదులే" అన్నాడు.

నిజమే. మూడోదాంట్లో మొదటి పది నిమిషాల్లోనే ఇద్దరు కుర్రాళ్లు పట్టపగలు మెట్ల మీద ముద్దు పెట్టుకున్నారు. మాస్టారు చదవడం ఆపేశాడు. అక్కడ చదవడానికి మాటల్లేవు కూడా.

"ఏరా, పెన్‌డ్రైవు గానీ మారిందా?" అన్నాడు కరెంటోడు.

లేదని తలూపాను. ఎవరూ లేవలేదు. లేస్తే స్పాంజి అణగదని నేను తిడతానని కాబోలు, చివరిదాకా బిగుసుకుని కూర్చున్నారు.

అయ్యాక బావ నవ్వాడు. "మా డిపోలో ఇలాంటి కండక్టరే ఒకడుండేవాడు. అబ్బో, వాణ్ణి ఎంత ఆడించామో! టిక్కెట్ల సంచిలో లిప్‌స్టిక్ పెట్టేవాళ్లం. ప్రయాణికుల ముందు తీసి, మొహం ఇంత చేసుకునేవాడు. చివరికి వాడే బదిలీ అడిగి పోయాడు."

"ఎక్కడికి?" అన్నాడు మాస్టారు.

"ఎవడికి తెలుసు!"

కరెంటోడు కూడా నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. అందరి మాటా అయిపోయింది. నా వంతు వచ్చింది. నోరు తెరిచాను.

"టీ పెట్టనా?" అన్నాను.

నేను ఇంటికెళ్లేసరికి అతను తన చిన్న స్క్రూడ్రైవర్లన్నీ గుడ్డలో చుట్టి డబ్బాలో సర్దుకుంటున్నాడు. వాళ్లేమన్నారో అడిగాడు. కండక్టరు సంగతితో సహా చెప్పాను.

"నువ్వేమన్నావు?"

"రూలుంది కదా."

"అందరూ మాట్లాడేశాక కూడా ఉందా?"

అరిచాను. నీకేం, నీ చెల్లెలికి అన్నీ తెలుసు, నాకున్నది ఆ ముగ్గురే, వాళ్లు రావడం మానేస్తే ఆదివారం పూట నేను గోడలతో మాట్లాడుకోవాలి అన్నాను. అతను డబ్బా మూత పెట్టాడు. "నా ఆదివారాలు పదకొండేళ్లుగా అవే" అన్నాడు. తర్వాత వారమంతా ఉప్పు అందించమనడం తప్ప మా మధ్య మాటల్లేవు.

నాలుగో ఆదివారం వచ్చింది. మంగళవారం ఒకటో తారీఖు. అతని పెట్టెలు రెండూ తలుపు పక్కకి చేరాయి.

ఆ నాలుగో సినిమా నేను ముందుగా చూసి ఉంటే పెట్టేవాణ్ణి కాదు. కావాలనే చివరికి పెట్టాడు, దొంగ. సంగీతం నేర్పే ఒకాయన ఇంట్లో ఇంకొకాయన ఉంటాడు. ఎవరొచ్చినా ఆ ఇంటాయన "మా దూరపు చుట్టం" అని చెబుతాడు. ఆ చుట్టం వచ్చినవాళ్లకి కుర్చీలు వేస్తాడు, కప్పులు కడుగుతాడు. ఏళ్లు గడుస్తాయి. ఒకరోజు కప్పు సగంలో కడగడం ఆపేసి, చేతులు తుడుచుకుని వెళ్లిపోతాడు. మాస్టారు ఈసారి ఒక్క అక్షరం వదలకుండా చదివాడు. నిద్రపోవయ్యా బాబూ అని నేను మనసులో మొత్తుకుంటున్నా పోలేదు.

"ఆ వెళ్లిపోయినవాడికి ఏం తక్కువైందట?" అన్నాడు బావ. "ఇల్లుంది, తిండి ఉంది. ఎవడైనా ఒక మాటన్నాడా వాణ్ణి?"

నా మాటలు. ఒక్క ముక్క పొల్లుపోకుండా నా మాటలు, మా బావ నోట్లోంచి. ఎంత చెత్తగా ఉన్నాయో అప్పుడు వినిపించింది.

"అదేంటన్నా అలాగంటావు?" కరెంటోడు సోఫాలో ముందుకి జరిగాడు. "మా పాత మేస్త్రీ నన్ను నాలుగేళ్లు అందరికీ హెల్పరని చెప్పాడు. బిల్డింగు బిల్డింగంతా వైరింగు లాగింది నేను. ఓనరు వస్తే మాత్రం, వీడా, వీడు నిచ్చెన పట్టుకునేవాడండీ అనేవాడు. కూలి సరిగ్గానే ఇచ్చాడు, తిండీ పెట్టాడు. అయినా ఒళ్లు మండి, ఒకరోజు నిచ్చెన మీంచి దిగి వచ్చేశాను. వీడూ అంతే."

"తప్పు ఆ ఇంటాయనదేరా," అన్నాడు మాస్టారు. "వాడికి ఆయన కావాలి, ఆయన పేరు మాత్రం అక్కర్లేదు. పిరికి వెధవ."

ఇద్దరూ నా వైపు తిరిగారు. బావ కూడా తిరిగాడు. "నీ సినిమా, నీ వంతు. చెప్పు."

"పిరికి వెధవే," అన్నాను. "నా ఇంట్లో ఉన్నాయన అద్దెకి లేడు. పదకొండేళ్లుగా నేనూ ఆయనా కలిసి బతుకుతున్నాం. సినిమాలో వాళ్లలాగే. ఎల్లుండి వెళ్లిపోతానంటున్నాడు. మీకు చెబితే ఉంటానన్నాడు. చెప్పాను."

బావ నవ్వబోయాడు. "బాగుందిరా, మమ్మల్ని ఆడిస్తున్నావా?" ఎవరూ తోడు నవ్వకపోయేసరికి నవ్వు మొహం మీదే ఎండిపోయింది. "మీ అక్కకి తెలుసా?"

"తెలీదు."

చెప్పులు వేసుకున్నాడు. సగం దించిన షట్టరు కింద నుంచి వంగి వెళ్లాలి, ఆయన నడుము వంగదు. ఎత్తుదామని వెళ్లాను. "అక్కర్లేదు" అన్నాడు.

"బావా, ఆ సంచిలో లిప్‌స్టిక్ పెట్టింది నువ్వేనా?"

ఆగాడు. "నేనొక్కణ్ణే కాదు" అన్నాడు, నా వైపు చూడకుండా. గోడ పట్టుకుని, మూలుగుతూ, ఎలాగో వంగి వెళ్లిపోయాడు.

కరెంటోడు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంటున్నాడు. "అంటే, ఆ లారీ సినిమాలో దుప్పటి..."

"అవున్రా."

"నేనడిగాను! అడిగానా లేదా? డ్రైవరన్నే చలి అన్నాడు!" అని, మళ్లీ గొంతు తగ్గించాడు. "నలభై ఏళ్ల నుంచీ ఒకే బీడీ పంచుకుంటున్నాం కదరా. నాకైనా చెప్పకూడదా?"

"పోయిన వారం నవ్వావు కదరా."

"నవ్వాను" అన్నాడు. సోఫా అంచున కుట్టుని గోటితో గీకుతూ కూర్చున్నాడు. వద్దని చెప్పాలి, దారం పోతుంది. చెప్పలేదు.

మాస్టారు కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "నాకు ఈ సంగతి బుర్రకెక్కడానికి టైము పడుతుందిరా. ముసలాణ్ణి. పిచ్చి ప్రశ్నలేవైనా అడిగితే కోప్పడకు. వచ్చేవారం ఆయన్నీ రమ్మను. కళ్లద్దాలాయన కదా, ఆ అక్షరాలేవో ఆయనే చదువుతాడు. నా గొంతు పోతోంది."

ఇంటికెళ్లి చెప్పాను. అతను గోడకి ఆనుకుని నిలబడి అంతా విన్నాడు. మాస్టారి మాట దగ్గర నవ్వాడు, బావ వెళ్లిపోయిన చోట నవ్వలేదు. పెట్టెల వైపు నేను చూడలేదు, అతనూ చూడలేదు. అంతలో ఫోను మోగింది. అక్క.

"ఏరా, మీ బావ రావడం రావడమే అటు తిరిగి పడుకున్నాడు. భోజనానికి లేవడు, అడిగితే మీ తమ్ముణ్ణే అడుగు అంటాడు. మళ్లీ ఏం కొట్టుకు చచ్చారర్రా?"

ఏమీ లేదక్కా అనడం నాకు నోటికి అలవాటు. సగం వచ్చేసింది కూడా. అతను కళ్లార్పకుండా నా నోటి వైపే చూస్తున్నాడు.

"చెప్పాల్సిన మాట ఒకటుందక్కా. ఫోనులో కాదు, ఇప్పుడే వస్తున్నాను. ఒక్కణ్ణి కాదు, ఇద్దరం."

"ఇద్దరంటే ఎవర్రా?"

"వచ్చి చెబుతాను" అని పెట్టేశాను. "పద" అన్నాను అతనితో. "ఇప్పుడే పద. ఇంకో పది నిమిషాలు ఆగితే నాకీ ధైర్యం ఉండదు."

అతను పద అనగానే కదిలే మనిషి కాదు. పెట్టె తెరిచాడు. మడత పెట్టినవన్నీ మంచం మీద కుమ్మరించాడు. రెండు చొక్కాలు తీసి, చెరొక చేత్తో పట్టుకుని, ఏది బాగుంటుందని నన్ను అడుగుతున్నాడు. అక్కడ మా అక్క గుమ్మంలో నిలబడి ఉంటుంది, ఇక్కడ నా ప్రాణం పోతోంది, ఈయనకి చొక్కా గొడవ. పదకొండేళ్లయినా ఈ మనిషితో వేగడం నాకు చేతకాలేదు.

"నీలంది వేసుకో," అన్నాను. "తొందరగా!"