అవతలి గట్టు పిలుపు

గ్వాదియానా నదికి ఇటు పోర్చుగల్, అటు స్పెయిన్. ఎప్పటినుంచో ఏ ఊరి పడవ ఆ ఊరి జనాన్నే ఎక్కించుకునేది. ఆర్థిక సంక్షోభం వచ్చిన ఏడాది రెండు ఊళ్ల ఖజానాలూ ఎండిపోయి రెండు పడవలూ మూలపడ్డాయి. కొత్త పడవకు యూరోపియన్ యూనియన్ నిధి కావాలంటే రెండు ఊళ్లూ కలిసి అడగాలన్నారు. ఒకరి మొహం ఒకరు చూడని మేయర్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. అలా రెండు ఊళ్లకూ కలిపి ఒక పడవ వచ్చింది. దాన్ని నడిపేందుకు ఇటునుంచి ఒదీలియాను, అటునుంచి ఫెర్మీన్‌ను పెట్టారు.

ఇద్దరికీ క్షణం పడదు. వాళ్ల నాన్నలు పడవలు నడిపే రోజుల్లో ఒక ఉదయం, దట్టమైన మంచులో, స్పెయిన్ గట్టు మీద ఎవరో "పడవా!" అని కేకేశాడు. ఫెర్మీన్ తండ్రి జ్వరంతో పడి ఉన్నాడు. ఒదీలియా తండ్రి విన్నాడు గానీ, అవతలి మనిషిని ఎక్కించుకునే హక్కు లేదని కదల్లేదు. ఆ పిలిచిన మనిషి ఈదబోయి మునిగిపోయాడు. శవం దొరకలేదు. అప్పటినుంచి మంచు పట్టినప్పుడల్లా ఆ కేక వినిపిస్తోంది. తప్పు మీదంటే మీదంటూ రెండు ఊళ్లూ కిటికీలు మూసుకునేవి.

కొత్త పడవ వచ్చాక తొలిసారి మంచు కమ్మింది. ఇద్దరూ పోర్చుగల్ గట్టున ఉండగా కేక వినిపించింది.

"గాలిలే," అంది ఒదీలియా.

"గాలి స్పానిష్‌లో పిలుస్తుందా తల్లీ? మీ నాన్నకు రూలు అడ్డమొచ్చింది. ఇప్పుడు నీకేం అడ్డం?"

"మీ నాన్నకు జ్వరం. నీకు నోరు తప్ప ఏ రోగమూ లేదుగా. పట్టు తెడ్డు!"

అవతలి గట్టున ఎవరూ లేరు. పడవ తగలగానే ముందు భాగం ఒక్కసారి కుంగింది, మనిషి కాలు పెట్టినట్టు. పలకల మీద నీళ్లు మడుగు కట్టాయి. ఫెర్మీన్ సిలువ గుర్తు వేసుకున్నాడు. ఒదీలియా మాత్రం అందరికీ చెప్పే మాటే చెప్పింది.

"మధ్యలో కూర్చో నాయనా. గట్టు వచ్చేదాకా లేవకు."

ఆ తడి మెల్లగా మధ్య బల్లకు జరిగింది.

పోర్చుగల్ గట్టు చేరగానే పడవ తేలికపడింది. రాతిమెట్ల మీద తడి పాదాల గుర్తులు ఒక్కొక్కటే పైకి వెళ్లాయి.

"ఎవరింటికో?" అన్నాడు ఫెర్మీన్.

"మనకెందుకు? ఎక్కించాం, దింపాం."

ఆ మధ్యాహ్నం అతను తన రొట్టెలో సగం తుంచి ఆమెకిచ్చాడు. ఆమె వద్దనలేదు.

మళ్లీ మంచు పట్టిన ఉదయం అవతలి గట్టు నిశ్శబ్దంగా ఉంది. పడవ తాడు విప్పుతుంటే, ఒదీలియా వీపు వెనకే, పోర్చుగల్ మెట్ల మీదనుంచి అదే గొంతు పిలిచింది.

ఫెర్మీన్ పక్కకు జరిగి, మధ్య బల్లను చొక్కా చేతితో తుడిచాడు.