ఇద్దరూ తీసేసిన లింకు

భాగ్యరేఖ ఆ ఉదయం కాఫీని రెండుసార్లు వేడి చేసింది, ఒక్కసారీ తాగలేదు. ఫోను మోగినప్పుడల్లా వంటింట్లోంచి ముందు గదికీ, అక్కణ్ణించి గేటు దాకానూ నడిచి మళ్ళీ వెనక్కి వస్తోంది.

"ఏటే అమ్మా, గానుగెద్దులాగ ఆ తిరుగుడు? ఒకచోట కూకో," అన్నాడు ఆమె తండ్రి శంకరరావు. భిలాయ్ స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్టు దిగి వచ్చి వరండాలో బూట్లు విప్పుకుంటున్నాడు.

"లింకులు పోయాయి నాన్నా."

"ఎవలివి?"

"అందరివీ."

కూతురి పని గురించి శంకరరావుకి తెలిసింది కొంచెమే. ప్లింత్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. ఆస్పత్రులూ బళ్ళూ దానితో వెబ్‌సైట్లు నడుపుకుంటాయి. దానికి తగిలించుకునే ఒక ముక్క భాగ్యరేఖ రాసింది. పేజీలో ఒక మాటకి అటూ ఇటూ రెండేసి బ్రాకెట్లు పెడితే, ఆ మాట నొక్కగానే ఆ పేరుతో ఉన్న పేజీ తెరుచుకుంటుంది. అలా పేజీలన్నీ ఒకదానికొకటి ముడిపడితే దాన్ని వికీ అంటారు. ఇదంతా ఉచితం. తండ్రీకూతుళ్ళ పేచీ ఆ ఉచితం దగ్గరే.

"సాయంత్రం లోపల ఆ రాయ్‌పూర్ కంపినీకి సంతకం పెట్టీ. లింకులూ గింకులూ ఆల్లే సూసుకుంటారు," అని శంకరరావు స్నానానికి వెళ్ళాడు.

ఉద్యోగం ఇస్తామన్న ఆ కంపెనీ షరతు ఒకటుంది. బయటి సాఫ్ట్‌వేర్ దేనిలోనూ ఉద్యోగి పేరు ఉండకూడదు, పాతవాటితో సహా. బ్రాకెట్ల కోడ్ పైన ఆమె పేరుంది. అందుకే నిన్న సాయంత్రం భాగ్యరేఖ తన ముక్కలోంచి బ్రాకెట్ల పని తీసేసి, కొత్త వెర్షన్ వదిలింది. సైట్లకి ఇబ్బంది ఉండదనుకుంది. ఎందుకంటే అదే పని చేసే ముక్క ఇంకొకటుంది. అది విక్రమ్‌ది.

చాలా సైట్లు రెండూ తగిలించుకున్నాయి. ఆమెది లింకులకి బాగుంటుందని, అతనిది పేజీల పాత ప్రతులు దాస్తుందని. కానీ బ్రాకెట్లని రెండూ పట్టుకునేవి. ఒకే మాట మీద లింకు మీద లింకు పడేది. ప్లింత్ వాళ్ళు విసిగి ఇద్దరికీ రాశారు: రాబోయే వెర్షన్లో బ్రాకెట్లు ఒక్కరి చేతిలోనే ఉండాలి, ఎవరో మీరిద్దరూ మాట్లాడుకుని తేల్చండి.

వాళ్ళిద్దరూ మాట్లాడుకుని ఆరేళ్ళయింది. భిలాయ్‌లో ఒకే కాలేజీ, ఒకే బెంచీ. ఆమె రాసిన కోడ్ తీసుకెళ్ళి, పైనున్న ఆమె పేరు తుడిచి, విక్రమ్ తన పేరుతో వదిలాడు. ఆ రోజే ఆమె అతని నంబరు బ్లాక్ చేసింది.

తెల్లారి చూస్తే సైట్లన్నిటిలోనూ లింకులు లేవు, బోడి బ్రాకెట్లున్నాయి. నిన్న సాయంత్రమే విక్రమ్ కూడా తన దాన్లోంచి బ్రాకెట్ల పని తీసేశాడు.

మళ్ళీ ఫోను మోగింది. దుర్గ్ వైపు ఒక ఆస్పత్రిలో దెబోరా అనే నర్సు. వార్డు సూచనలన్నీ వికీలో పెట్టింది ఆమే.

"దీదీ, జ్వరం పేజీలోంచి మందు మోతాదు పేజీకి పోవట్లేదు. ఇవాళ వార్డులో అంతా కొత్త పిల్లలు. ఎంతమందికని నోటితో చెప్పను?"

"చూస్తున్నాను దెబోరా. కాసేపు నోటితోనే చెప్పు."

భాగ్యరేఖ స్కూటీ తీసింది. వైశాలి నగర్ దాటి క్యాంప్ 1 సందుల్లోకి వచ్చేసరికి రెండుసార్లు తప్పు మలుపు తిరిగింది.

విక్రమ్ తల్లి అప్పలకొండ గుమ్మంలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తి చూసింది.

"ఓలమ్మ, రేఖే! ఆరేళ్ళకి దారి కనిపించిందేటే? పెళ్ళి పిలుపా?"

"కాదత్తా. మీ అబ్బాయితో దెబ్బలాటకి వచ్చాను."

"మంచిదే. టీ పెడతన్నాను, తాగినాక కొట్టుకోండి."

లోపల విక్రమ్ కూడా కూర్చుని లేడు. ల్యాప్‌టాప్‌ని అలమర మీద పెట్టి, నిలబడి చూస్తున్నాడు.

"ఎందుకు తీశావు?" అంది ఆమె.

"నీదుంది కదా అని. నువ్వెందుకు తీసినావు?"

"నీదుంది కదా అని."

విక్రమ్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

"చూడు రేఖా, అది నీ దగ్గర ఎత్తుకొచ్చిందే. ఒక్కటే ఉండాలి అన్నారు కదా, చలో, ఎవరిది వాళ్ళకి వదిలేద్దామనుకున్నాను."

"ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"ఎలా చెప్పను యార్? నీ ఫోన్లో నా నంబరు జైల్లో ఉంది."

అప్పలకొండ టీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ముందు నువ్వెక్కంటే నువ్వెక్కని ఇద్దరూ మర్యాద సేసుకున్నారు, బస్సెల్లిపోనాది. అంతేనా?" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

"ఎవరో ఒకరం పెట్టాలి," అన్నాడు విక్రమ్. "ఇద్దరం కాదు. ఒకరమే."

"నీ పాతది పెట్టెయ్."

"నాది హిందీ పేర్లకి పనికిరాదు. మాత్ర, అదే గుణింతం గుర్తు, వచ్చిన చోట మాట తెగిపోతుంది. అది నువ్వు తర్వాత బాగు చేసుకున్నావు, నేను చెయ్యలేదు. నీదే పెట్టు."

నిజమే. దెబోరా పేజీల పేర్లన్నీ హిందీలోనే ఉన్నాయి.

"నేను పెట్టలేను," అంది భాగ్యరేఖ. కంపెనీ సంగతి, షరతు సంగతి చెప్పింది. చెబుతూ కిటికీ దాకా వెళ్ళి వచ్చింది.

"ముబారక్! మిఠాయి ఏదీ?" అన్నాడు. తర్వాత ఆలోచించి అన్నాడు. "అయితే నీ కోడ్ నాకియ్యి. నా దాన్లో కలిపేస్తాను. ఇకమీద నేను చూసుకుంటాను. ఈసారి పైన నీ పేరు ఉంటుంది. ఒట్టు."

"పేరు వద్దు."

"కోపమా?"

"కోపం కాదు. పేరుంటే ఉద్యోగం ఉండదు. మిగతా చోట్ల నిన్ననే తీసేశాను."

విక్రమ్ గ్లాసు కింద పెట్టాడు. "నేను తియ్యను. ఒకసారి తీసినందుకు ఆరేళ్ళు ముఖం చూపించలేదు నువ్వు."

"రాసింది నేను. తియ్యమంటున్నదీ నేనే."

"అయితే నువ్వే తియ్యి. నా చేత్తో ఇంకోసారి తియ్యను."

ల్యాప్‌టాప్‌ని బల్ల మీదికి తెచ్చి ఆమె వైపు తిప్పాడు. భాగ్యరేఖ కూర్చుంది. తన పాత బ్రాకెట్ల కోడ్ ఫైలు తెరిచింది. పైనే ఉంది, భాగ్యరేఖ, భిలాయ్ అని. ఎక్కడెక్కడివాళ్ళో ఏదైనా పాడైనప్పుడు ఆ వరస చూసే ఆమెకి రాసేవారు. తిట్టినవాళ్ళున్నారు. పెళ్ళికి పిలిచినవాళ్ళూ ఉన్నారు.

లేచింది. సందు చివరి దాకా వెళ్ళింది. దెబోరా మళ్ళీ ఫోను చేస్తోంది. ఎత్తకుండా వెనక్కి తిరిగి వచ్చింది.

కోడ్‌ని విక్రమ్ ముక్కలోకి చేర్చింది. ఒకసారి నడిపి చూసింది. తర్వాత పై వరస మీద కర్సర్ పెట్టి, ఊరి పేరు ముందు, తన పేరు తర్వాత చెరిపింది. ఖాళీగా వదిలితే ప్లింత్ తీసుకోదు, ఎవరిదో ఒకరి పేరు ఉండాలి. విక్రమ్ అని తనే టైపు చేసింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"వదులుతున్నాను," అంది.

"ఊఁ."

కాసేపటికి ఆస్పత్రి సైటు తెరిచి జ్వరం పేజీలో మందు మోతాదు అన్న మాట నొక్కింది. పేజీ వచ్చింది. ఇంకో మాట నొక్కింది. అదీ వచ్చింది. ఆగకుండా నొక్కుతూనే ఉంది.

కొత్త వెర్షన్ పైన పేరు చూసిందేమో, విక్రమ్ ఫోనుకి దెబోరా సందేశం వచ్చింది. పైకి చదివాడు. "ఇప్పుడు బాగుంది. థాంక్యూ విక్రమ్ భయ్యా." చదివి, గబగబా జవాబు టైపు చెయ్యడం మొదలుపెట్టాడు.

"ఏం రాస్తున్నావు?"

"నేను కాదు, రేఖ అని."

ఆమె చెయ్యి చాపి ఫోను మీద అరచెయ్యి పెట్టింది. "రాయకు."

"మరి ఏటి రాయను?"

"సరే అని రాయి."

సరే అని రాశాడు. "రేపు ఏదైనా పాడైతే ఎవర్ని అడగను?"

"నన్ను అడక్కూడదు."

"దొంగచాటుగా?"

"వద్దు విక్రమ్. ఇప్పుడిది నీది."

తన ఫోనులో కంపెనీ కాగితం తెరిచింది. చివరి పేజీలో గడి ఉంది. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు టైపు చెయ్యమంది. మొదటిసారి తప్పు పడింది. చెరిపి, ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ మళ్ళీ టైపు చేసింది. పంపింది. పంపాక కూడా అదే పేజీ తెరిచి ఉంచుకుని, తన పేరు అక్కడుందో లేదో రెండోసారి చూసింది.