వంతెన మీది సీను

ప్రతి ఆదివారం పొద్దున్నే ఆపరేటరు రీళ్ళ డబ్బాలు దించి, మెత్తటి గుడ్డతో ఫిల్ము తుడిచి మిషనుకెక్కిస్తాడు. పది గంటలకల్లా పాత సినిమాలు సేకరించే పిచ్చివాళ్ళంతా ఆ చిన్న హాల్లో చేరతారు. వాళ్ళ ప్రాణమంతా ఒకే ఒక్క బొమ్మ మీద. విడుదలైనప్పుడు వారమైనా ఆడని ప్రేమకథ అది. మిగిలింది ఈ ఒక్క ప్రింటే. అందులో హీరో వంతెన మీద నిలబడి హీరోయిన్ కోసం చూస్తుంటాడు. ఆమె వచ్చే సీను ఎవరో కోసేశారు. పాపం, ఎదురుచూసి ఎదురుచూసి అతను ముసలివాడైపోతున్నాడు.

"కిందటేడు నాలుగు వెంట్రుకలైనా నల్లగా ఉండేవి" అన్నాడు వాళ్ళ సంఘం పెద్దైన పళ్ళ డాక్టరు మురిపెంగా. "ఇలాంటి ప్రింటు ఇంకెవరి దగ్గరుంది చెప్పండి?"

ఆ ఆదివారం హీరో కమ్మీ పట్టుకుని కూడా నిలబడలేక కూలబడ్డాడు.

"ఇంకో ఆటకి ఉంటాడో లేదో. వచ్చేవారం మానకండి" అనుకుంటూ అందరూ వెళ్ళారు.

ఆపరేటరుకు తల కొట్టేసినట్టయింది. సీను కోసింది తనే. ముప్పై ఏళ్ళ కిందట, పెళ్ళికి ముందు, కొన్నానని చెప్పి ఆ ముక్క కాబోయే భార్యకు కానుకిచ్చాడు. నింద, తను అసిస్టెంటుగా ఉన్న పెద్ద ఆపరేటరు మీద పడి ఆయన ఉద్యోగం ఊడింది. తను నోరు మెదపలేదు సరికదా, ఆయన కుర్చీలో కూర్చున్నాడు.

ఇంటికెళ్ళి అంతా చెప్పేశాడు.

"మా చెల్లెళ్ళకి చూపించి మురిసిపోయానే" అంది భార్య. పెట్టె తెరిచి ముక్క తీసింది. "పద. ఆయనింటికి నేనూ వస్తా."

పెద్ద ఆపరేటరు వాళ్ళను గుమ్మంలోనే నిలబెట్టి విన్నాడు. క్షమించానని అనలేదు. ముక్కను వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఎంత వంకరగా కోశావురా" అన్నాడు. "అతకడం నీ వల్ల కాదు. నేనే వస్తా."

ఆదివారం ఆపరేటరు అందరి ముందూ నిజం ఒప్పుకున్నాడు. బొమ్మ మొదలైంది. కోసిననాటి వయసుతోనే హీరోయిన్ వంతెనెక్కింది. కూలబడ్డ ముసలాయన్ని చూసి ఒక్కక్షణం ఆగి, చెయ్యందించింది. అతను లేచాడు. ఇద్దరూ మెల్లగా వంతెన దిగి వెళ్ళిపోయారు.

దీపాలు వెలిగాక, వచ్చేవారం ఏ బొమ్మ వేద్దామని పళ్ళ డాక్టరు పెద్ద ఆపరేటరునే అడిగాడు. ఆపరేటరు మిషను గది బయట నిలబడి విన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. అంటారని అతనూ అనుకోలేదు.